తప్పు జవాబుల వెంట ఒక సెమిస్టర్: సి ప్రోగ్రామింగ్ తరగతి డైరీ

ఆగస్టు చివరి వారం

గోదావరి తీరంలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో బీటెక్ మొదటి సంవత్సరం విద్యార్థులకు సి భాషలో ప్రోగ్రామింగ్ బోధిస్తున్నాను. ఈ సబ్జెక్టుకు ఇంటర్నల్ మార్కులు 30, సెమిస్టర్ చివర జరిగే విశ్వవిద్యాలయ పరీక్షకు 70. మిడ్ పరీక్ష అయ్యాక పేపర్లు దిద్దుతాము, ప్రశ్నలవారీగా మార్కులను ఎక్సెల్‌లో ఎక్కిస్తాము, ఏ కోర్సు అవుట్‌కమ్‌ను, అంటే కోర్సు ముగిసేసరికి విద్యార్థికి రావలసిన నేర్పును, ఎందరు అందుకున్నారో శాతాల్లో లెక్కకట్టి అక్రిడిటేషన్ ఫైలులో పెడతాము. ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో భారతదేశం 2014లో శాశ్వత సభ్యత్వం పొందిన తరువాత ఈ లెక్క ఇంజనీరింగ్ కళాశాలల్లో నిత్యకృత్యమైంది. విద్యార్థికి చివరికి ఏం వచ్చిందో చూడాలనే ఆ ఆలోచన మంచిదే. అయితే పాయింటర్ల (మెమరీలోని చిరునామాలను దాచుకునే వేరియబుల్స్) ప్రశ్నలో పదికి మూడు మార్కులు తెచ్చుకున్న విద్యార్థికి ఏది తెలియలేదో ఆ మూడు అనే అంకె చెప్పదు. చిరునామాకూ విలువకూ తేడా తెలియలేదా, నక్షత్రపు గుర్తు డిక్లరేషన్‌లో ఒక పని, తరువాతి వాక్యంలో మరో పని చేస్తుందని తెలియలేదా, లేక అన్నీ తెలిసి సమయం చాలలేదా అన్నది పేపరు దిద్దుతున్నప్పుడు నాకు కొంత బోధపడుతుంది కానీ, నలభయ్యో పేపరు చేతికి వచ్చేసరికి మొదటి పేపరులోని తప్పు గుర్తుండదు. గుర్తున్నా, అప్పటికి పాఠం పాయింటర్లు దాటి స్ట్రక్చర్లలోకి వెళ్లిపోయి ఉంటుంది.

ఈ ఇబ్బందిని భౌతికశాస్త్ర అధ్యాపకులు చాలాకాలం కిందటే పట్టించుకున్నారు. 1992లో డేవిడ్ హెస్టెనీస్, ఆయన సహచరులు ప్రచురించిన ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ అనే ప్రశ్నావళిలో తప్పు ఆప్షన్లను విద్యార్థుల మనసుల్లో నిజంగా ఉండే అపోహల నుంచే ఎత్తి రాశారు. అందువల్ల ఒక విద్యార్థి ఏ తప్పు ఎంచుకున్నాడో చూస్తే చాలు, అతడు ఎక్కడ ఆగిపోయాడో తెలుస్తుంది. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం బోధించే ఎరిక్ మజూర్ కూడా, పుస్తకంలోని కఠినమైన లెక్కలు చేయగల విద్యార్థులు చిన్న భావన అడిగితే తడబడటం చూసి తన బోధన తీరునే మార్చుకున్నారు. ప్రోగ్రామింగ్ తరగతిలో ఈ పని చేయడానికి మాకు ఒక అనుకూలత ఉంది: విద్యార్థి రాసిన జవాబును కంప్యూటరే నడిపి చూడగలదు.

కాబట్టి ఈ సెమిస్టర్‌కు నేను పెట్టుకున్న పని ఒక్కటే. నా సెక్షన్‌లోని అరవై మంది ప్రతి వారం చేసే తప్పులను ఆ వారంలోనే చూడాలి, మరుసటి తరగతిలో వాటి నుంచే పాఠం మొదలుపెట్టాలి. మా హెచ్‌ఓడీ గారు అనుమతి ఇస్తూ, వారపు పరీక్షల మార్కులు ఇంటర్నల్స్‌లో కలపకూడదని షరతు పెట్టారు. నేనూ అదే కోరుకున్నాను. మార్కు పోతుందనే భయం లేనప్పుడే విద్యార్థి తన తప్పును దాచకుండా చూపిస్తాడు.

సెప్టెంబర్ 4

సర్వర్ సిద్ధమైంది. పరీక్షలు నడిపే వేదికగా మూడిల్‌ను ఎంచుకున్నాను. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మార్టిన్ డూగియామస్ మొదలుపెట్టి 2002లో తొలి వెర్షన్ విడుదల చేసిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఇది. లైసెన్సు ఖర్చు లేదు, కళాశాలలో ఉన్న పాత సిస్టమ్ మీదనే నడుస్తుంది. దానికి కోడ్‌రన్నర్ అనే ప్లగిన్ జతచేశాను. న్యూజిలాండ్‌లోని క్యాంటర్బరీ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ లాబ్ తయారుచేసిన ఈ ప్లగిన్‌తో, విద్యార్థి ప్రోగ్రామ్ రాసి బటన్ నొక్కితే అది వెంటనే కంపైల్ అయి (యంత్రం నడపగల రూపంలోకి మారి), మనం ముందుగా ఇచ్చిన టెస్ట్ కేసులపై, అంటే సరైన జవాబు తెలిసిన నమూనా ఇన్‌పుట్‌లపై నడిచి, ఎక్కడ సరిపోయిందో ఎక్కడ తప్పిందో పట్టికగా చూపిస్తుంది.

ప్రోగ్రామ్‌లను నడిపే పనిని జోబ్ అనే వేరే సర్వర్ చేస్తుంది. దానిని మూడిల్ ఉన్న సిస్టమ్‌లోనే పెట్టకూడదు. ఎవరో తెలియక రాసిన కోడ్ మార్కులున్న డేటాబేస్ దాకా పోయే దారి ఉండకూడదు కదా. అందుకని ల్యాబ్ టెక్నీషియన్ గారి సాయంతో మరో డెస్క్‌టాప్‌లో లైనక్స్ వేసి, అందులో జోబ్‌ను పెట్టాము. ఇలాంటి ప్రయత్నం చేయదలచుకున్నవారు ముందుగా చూసుకోవలసినది కాలపరిమితి. మొదటి రోజు ట్రయల్‌లోనే ఒక విద్యార్థిని వైల్ లూప్‌లో, అంటే ఒక షరతు నిజమైనంత సేపు మళ్లీ మళ్లీ నడిచే భాగంలో, కౌంటర్‌ను పెంచడం మరిచిపోయింది. పరిమితి లేకపోయి ఉంటే ఆ ఒక్క ప్రోగ్రామ్ ఆగకుండా నడుస్తూ మిగిలినవారి పనిని ఆపేసేది. జోబ్ కొన్ని సెకన్లలో దానిని ఆపి, సమయం మించిపోయిందని చెప్పింది. ఇన్ఫినిట్ లూప్ అంటే ఏమిటో బోర్డు మీద నేను ఎన్నిసార్లు రాసినా రాని స్పష్టత ఆ సందేశంతో ఆ అమ్మాయికి వచ్చింది.

ల్యాబ్‌లోని సిస్టమ్‌లన్నీ లోకల్ నెట్‌వర్క్‌తోనే సర్వర్‌కు చేరతాయి కనుక ఇంటర్నెట్ లేకున్నా పని ఆగదు. కరెంటు పోతే మాత్రం యూపీఎస్ మీద ఉన్న వరుసలే పనిచేస్తాయి. మూడిల్ క్విజ్‌లో జవాబులు మధ్యమధ్యలో వాటంతట అవే సేవ్ అవుతాయి కనుక, మిగిలిన వరుసల వారికి కరెంటు వచ్చాక మళ్లీ మొదటి నుంచి రాయవలసిన పని ఉండదు.

సెప్టెంబర్ 18

ఈ వారం జరిగిన దానిని వివరంగా రాసుకుంటాను, ఎందుకంటే ఇందులో తప్పు నాదే.

వారపు పరీక్షలో ఒక సులువైన ప్రశ్న ఇచ్చాను: ఫారన్‌హీట్ డిగ్రీలు ఇన్‌పుట్‌గా తీసుకుని సెల్సియస్‌లోకి మార్చే ప్రోగ్రామ్ రాయాలి. టెస్ట్ కేసులుగా నీటి గడ్డకట్టే ఉష్ణోగ్రత 32, మరిగే ఉష్ణోగ్రత 212 ఇచ్చాను. అందరికీ తెలిసిన విలువలు కనుక విద్యార్థులు తామే సరిచూసుకోగలరని భావించాను. తరగతిలో ఎక్కువమందికి పూర్తి మార్కులు వచ్చాయి. రాత్రి ఇంట్లో కూర్చుని కోడ్‌లను ఒక్కొక్కటిగా చదివితే, పూర్తి మార్కులు వచ్చిన వాటిలో కూడా తప్పు ప్రోగ్రామ్‌లు కనిపించాయి.

సి భాషలో రెండు పూర్ణాంకాలను భాగిస్తే ఫలితం కూడా పూర్ణాంకమే. దశాంశ భాగం పోతుంది. 5/9 అని రాస్తే కంపైలర్‌కు అది 0. కొందరు 5/9ని ముందు రాసి దానిని మిగిలిన మొత్తంతో గుణించారు. వారికి ఏ ఉష్ణోగ్రత ఇచ్చినా జవాబు 0 వస్తుంది. 32 డిగ్రీలకు సరైన జవాబు కూడా 0 కాబట్టి మొదటి టెస్ట్ కేసు దగ్గర ఆ తప్పు దాటిపోయింది. 212 దగ్గర మాత్రం పట్టుబడింది. పట్టుబడినవారిలో పలువురు గుణకారాన్ని ముందుకు జరిపారు. 212 లోంచి 32 తీసివేస్తే 180, దానిని 5తో గుణిస్తే 900, 9తో భాగిస్తే శేషం లేకుండా 100. అలా జరపగానే జవాబు సరిపోయింది, పచ్చ టిక్కు వచ్చింది, వారు తరువాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. నిజానికి వారి వేరియబుల్స్ ఇంకా పూర్ణాంకాలే. అదే ప్రోగ్రామ్‌కు 100 డిగ్రీలు ఇస్తే 37.78 రావలసిన చోట 37 వస్తుంది.

నేను ఇచ్చిన విలువలు రెండూ శేషం లేకుండా భాగింపబడే విలువలే. రెండు కొలమానాల్లోనూ ఒకటే అయిన మైనస్ 40 ఇచ్చి ఉన్నా ఇదే జరిగేది. దశాంశ భాగాహారం వచ్చిందో లేదో తెలుసుకోవడానికి పెట్టిన ప్రశ్నలో, దశాంశం అవసరమయ్యే విలువ ఒక్కటి కూడా నేను ఇవ్వలేదు. యంత్రం తనకు చెప్పినది చెప్పినట్టు తప్పు లేకుండా చేసింది. అడగవలసినది అడగనిది నేను. పైగా, తప్పు ప్రోగ్రామ్ రాసినవారికి అది సరైనదని ఒక పచ్చ టిక్కుతో నేనే ధ్రువీకరించి పంపాను. పేపరు మీద దిద్ది ఉంటే కనీసం ఆ వాక్యం దగ్గర నా కలం ఆగి ఉండేది.

మరునాడు తరగతిలో, ఎవరి పేరూ చెప్పకుండా, నాలుగు రకాల జవాబులను ప్రొజెక్టర్ మీద పెట్టి 100 డిగ్రీలకు ఒక్కోటి ఏమిస్తుందో కాగితం మీద లెక్కకట్టమన్నాను. తమ ప్రోగ్రామే తెర మీద ఉందని గుర్తించినవారు కొందరు ముందుకు వంగి చూడటం గమనించాను. ప్రశ్న బ్యాంకులో ఆ ప్రశ్నకు 100, 98.6 విలువలను చేర్చాను. ఇకమీదట ప్రతి ప్రశ్నకూ టెస్ట్ కేసులు రాసే ముందు, విద్యార్థులు చేయగల తప్పు ప్రోగ్రామ్‌లను నేనే రెండు మూడు రాసి, ఆ టెస్ట్ కేసులు వాటిని పట్టుకుంటున్నాయో లేదో చూడాలని నియమం పెట్టుకున్నాను.

సెప్టెంబర్ 27

దీనికి వ్యతిరేక దిశలో మరో ఇబ్బంది. సరైన ప్రోగ్రామ్ రాసినా సున్నా వస్తోందని ముగ్గురు నా దగ్గరికి వచ్చారు. ఒకరు అంకెల మధ్య రెండు ఖాళీలు వదిలారు, ఒకరు మొదటి అక్షరం పెద్దది రాశారు. కోడ్‌రన్నర్ మామూలుగా అవుట్‌పుట్ అచ్చంగా కలవాలని చూస్తుంది, పైగా ఒక్క టెస్ట్ కేసు తప్పినా మొత్తం మార్కు పోయేలా అమరిక ఉంటుంది. రెండింటినీ మార్చాను: ఖాళీలనూ పెద్ద చిన్న అక్షరాలనూ పట్టించుకోని గ్రేడర్‌ను ఎంచుకుని, ప్రతి టెస్ట్ కేసుకూ విడిగా మార్కు ఇచ్చాను. అవుట్‌పుట్ అమరికే పాఠమైన వారంలో, అంటే నక్షత్రాల పిరమిడ్ వంటివి ఇచ్చినప్పుడు, మళ్లీ పాత అమరికకు వెళతాను.

అక్టోబర్ 9

లూప్‌ల వారంలో ఇచ్చిన ఒక ప్రశ్నకు వచ్చిన జవాబులు నన్ను చాలాసేపు ఆలోచింపజేశాయి. అయిదుకు మించకుండా ప్రయత్నాలు అనుమతించి పాస్‌వర్డ్ అడిగే ప్రోగ్రామ్ అది. ప్రశ్న ఇంగ్లీషులో ఉంది, అందులో ‘ఎట్ మోస్ట్’ అనే మాట ఉంది. కొందరి ప్రోగ్రామ్‌లు మొదటి ప్రయత్నంలోనే సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా అయిదుసార్లూ అడుగుతున్నాయి. లూప్ రాయడం వారికి వచ్చు. కండిషన్ కూడా చక్కగా రాశారు. వారిలో ఒక అబ్బాయిని పిలిచి, ప్రశ్న ఏమి అడుగుతోందో తెలుగులో చెప్పమన్నాను.

‘అయిదుసార్లు అడగమందండి మేడమ్.’

‘ఎట్ మోస్ట్ అంటే?’

‘తప్పనిసరిగా అనుకున్నానండి.’

అతడు పదో తరగతి దాకా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివాడు. ఇంటర్‌లో లెక్కలకు మంచి మార్కులు తెచ్చుకున్నవాడు. అతడు రాసిన ప్రోగ్రామ్, అతడికి అర్థమైన ప్రశ్నకు సరైన జవాబు. కంప్యూటర్ అతడికి లూప్‌లు రావని నమోదు చేసింది, నా ఎక్సెల్ పట్టిక కూడా అలాగే నమోదు చేసి ఉండేది. కొలవదలచుకున్నది ప్రోగ్రామింగ్, కొలిచింది ఇంగ్లీషు. ‘ఎట్ లీస్ట్’, ‘అన్‌లెస్’, ‘ఇన్‌క్లూజివ్’ వంటి చిన్న మాటలే లూప్ కండిషన్‌ను తలకిందులు చేస్తాయి, సరిగ్గా ఆ మాటలే మా విద్యార్థుల్లో చాలామందికి ఎవరూ విడమరిచి చెప్పలేదు.

ఆ వారం నుంచి ప్రతి ప్రశ్ననూ ఇంగ్లీషులో రాసి, కిందనే తెలుగులోనూ రాస్తున్నాను. విశ్వవిద్యాలయ పరీక్ష ఇంగ్లీషులోనే ఉంటుంది కనుక ఇంగ్లీషు వాక్యాన్ని తీసేయడం వారికి మేలు కాదు. రెండూ పక్కపక్కన ఉంటే ఆ మాటల అర్థం కూడా అలవాటవుతుంది. తెలుగు వాక్యం రాయడం నేను ఊహించినదానికంటే కష్టమైంది. వేరియబుల్, లూప్, అరే, ఫంక్షన్ అనే మాటలను అలాగే ఉంచి, చుట్టూ ఉన్న వాక్యాన్ని మనం మాట్లాడుకునే తెలుగులో రాస్తేనే వారికి అందుతోంది. ‘చలరాశి’ అంటే తెలుగు మాధ్యమం వారు గణితంలోదిగా గుర్తుపడుతున్నారు, మిగిలినవారు నా ముఖం చూస్తున్నారు. మరో మేలు కూడా జరిగింది: తెలుగులో రాయబోతే కొన్ని ప్రశ్నలు ఇంగ్లీషులోనే అస్పష్టంగా ఉన్నాయని నాకు తెలిసింది. ఒకటి నుంచి పది వరకు అన్నప్పుడు పది కూడా కలుస్తుందా అని నేను ఎన్నడూ రాయలేదు.

పాస్‌వర్డ్ ప్రశ్ననే కాస్త మార్చి, రెండు భాషల్లోనూ రాసి మళ్లీ ఇచ్చాను. ఆ అబ్బాయి మొదటిసారే సరిగ్గా రాశాడు. అదే ప్రశ్నలో ఇంకా తప్పు చేసినవారికి నిజంగా లూప్‌లే రావని ఇప్పుడు తెలుస్తోంది; ఈ రెండు గుంపులూ ఇంతకాలం నా లెక్కలో ఒకే అంకెగా కలిసి ఉన్నాయి.

అక్టోబర్ 23

మొదటి మిడ్‌కు ముందు ఇరవై ఆబ్జెక్టివ్ ప్రశ్నల క్విజ్ పెట్టి, మూడిల్ ఇచ్చే గణాంకాల నివేదిక తెరిచాను. ప్రతి ప్రశ్నకూ అందులో ముఖ్యంగా రెండు అంకెలుంటాయి. తరగతి సగటున ఆ ప్రశ్నకు ఎంత శాతం మార్కు తెచ్చుకుందో మొదటిది చెబుతుంది. మిగిలిన క్విజ్‌లో బాగా చేసినవారు ఈ ప్రశ్నలో కూడా బాగా చేశారా అన్నది రెండవది. ఈ రెండవ అంకెను చేత్తో కూడా సుమారుగా లెక్కకట్టవచ్చు. ట్రూమన్ కెల్లీ 1939లో సూచించినట్లు పై 27 శాతం మందినీ కింది 27 శాతం మందినీ, అంటే అరవై మందిలో పదహారేసి మందిని తీసుకుని, సరైన జవాబు రాసినవారి తేడా చూస్తే చాలు. పై పదహారు మందిలో పన్నెండుగురు, కింది పదహారు మందిలో నలుగురు సరిగ్గా రాస్తే తేడా ఎనిమిది, సూచిక 0.5. మంచి ప్రశ్నే. తేడా సున్నా అయితే ఆ ప్రశ్న తెలిసినవారినీ తెలియనివారినీ వేరుచేయడం లేదు.

నా క్విజ్‌లో ఒక ప్రశ్నకు సూచిక రుణాత్మకంగా వచ్చింది. అంటే బాగా చదివేవారే దానిలో ఎక్కువగా తప్పారు. ఆ ప్రశ్న మన దగ్గర ఎన్నో ప్రశ్నపత్రాల్లో తరతరాలుగా కనిపించేదే: ఒకే వాక్యంలో ఒకే వేరియబుల్‌ను రెండుసార్లు ++ తో పెంచి, ఫలితం ఎంత అని అడగడం. పాత ప్రశ్నల కట్టలోంచి తీసి, మా కంపైలర్‌లో నడిపి వచ్చిన అంకెనే సరైన జవాబుగా పెట్టాను. నాలుగో ఆప్షన్‌గా ‘నిర్ణయించలేము’ అని ఉంది. తరగతిలో బాగా చదివేవారిలో పలువురు దానిని ఎంచుకున్నారు. సి ప్రమాణం ప్రకారం వారే సరి. అలాంటి వాక్యానికి ప్రమాణం ఏ అర్థమూ నిర్దేశించలేదు. ఒక కంపైలర్ ఒక అంకె ఇవ్వవచ్చు, మరొకటి మరో అంకె ఇవ్వవచ్చు. నా జవాబే తప్పు. కీ మార్చి, మార్కులు మళ్లీ లెక్కించమని మూడిల్‌కు చెప్పి, తరగతిలో ఆ సంగతి చెప్పాను.

‘మేడమ్, పరీక్షలో వస్తే ఏం రాయాలండి?’ అని వెనుక వరుసలోంచి ఒక అమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఆ వాక్యం ఎందుకు నిర్ణయించలేనిదో రెండు వాక్యాల్లో రాసి, ఆ తరువాత సాధారణంగా వచ్చే అంకె రాయమని చెప్పాను. అధ్యాపకులకు మాత్రం ఈ మాట గట్టిగా చెబుతాను: ఈ ప్రశ్నను మన ప్రశ్న బ్యాంకుల్లోంచి తీసేయాలి. నిజంగా తెలిసిన విద్యార్థిని శిక్షించే ప్రశ్న అది. పేపరు మీద పరీక్ష పెట్టినన్నాళ్లూ దానిని ఎవరూ గమనించలేదు, ఎందుకంటే ఏ ప్రశ్నలో ఎవరు తప్పారో ఒకచోట చేర్చి చూసే ఓపిక ఎవరికీ ఉండదు.

నవంబర్ 6

పాయింటర్లు మొదలయ్యాయి. ఆబ్జెక్టివ్ ప్రశ్నల్లో ఊహించి గుర్తు పెట్టేవారిని ఎలా వేరుచేయాలనే ప్రశ్నకు, మూడిల్‌లోనే ఉన్న ఒక పద్ధతిని ఈ వారం ప్రయత్నించాను. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన టోనీ గార్డనర్ మెడ్విన్ పెంపొందించిన పద్ధతి ఇది. విద్యార్థి జవాబుతోపాటు దానిపై తనకెంత నమ్మకముందో కూడా చెప్పాలి. తక్కువ నమ్మకం అంటే జవాబు సరైతే 1, తప్పైతే 0. మధ్యస్థం అంటే సరైతే 2, తప్పైతే మైనస్ 2. గట్టి నమ్మకం అంటే సరైతే 3, తప్పైతే మైనస్ 6. ఈ అంకెల వెనుక చక్కని లెక్క ఉంది: నమ్మకం మూడింట రెండు వంతులు దాటినప్పుడే మధ్యస్థం, 80 శాతం దాటినప్పుడే గట్టి నమ్మకం లాభిస్తాయి. కాబట్టి తన మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పడమే విద్యార్థికి మేలు. ఆ లెక్కను బోర్డు మీద వేసి చూపించాను. సంభావ్యత ఇంటర్‌లో చదివినవారే కనుక వెంటనే అందుకున్నారు.

ఫలితాల్లో నేను వెతికినది ఒక్కటే: గట్టి నమ్మకంతో తప్పు చెప్పినవారు ఏయే ప్రశ్నల దగ్గర గుమిగూడారు? వారు గుమిగూడినది అరేను (ఒకే రకం విలువల వరుసను) ఫంక్షన్‌కు (విడిగా రాసిన ప్రోగ్రామ్ భాగానికి) పంపే ప్రశ్న దగ్గర. మామూలు వేరియబుల్‌ను పంపితే ఫంక్షన్‌కు నకలు వెళుతుందని, అందువల్ల లోపల మార్చినా బయట మారదని నేనే రెండు వారాల కింద గట్టిగా చెప్పాను. అరేను పంపితే మొదటి మూలకం చిరునామా వెళుతుంది, లోపల మారిస్తే బయట కూడా మారుతుంది. పాత పాఠాన్ని బాగా నేర్చుకున్నవారే ఇక్కడ నమ్మకంగా తప్పారు. తెలియక తప్పినవారికి మళ్లీ చెబితే సరిపోతుంది. తెలుసనుకుని తప్పినవారికి ముందు తమ నమ్మకం ఎక్కడ తప్పిందో కనబడాలి. అందుకని ఈసారి వివరణ ఇవ్వకుండా, రెండు చిరునామాలనూ అచ్చువేయించే చిన్న ప్రోగ్రామ్ ఇచ్చి, ఫంక్షన్ లోపలా బయటా ఒకే చిరునామా వస్తున్నదని వారిచేతనే చూపించాను.

రుణాత్మక మార్కులు కొందరిని బాధించాయి. ఎప్పుడూ తక్కువ నమ్మకమే ఎంచుకునే ఒక అమ్మాయికి జవాబులన్నీ సరైనవే. ఆమెతో విడిగా మాట్లాడి, ఆమె జవాబుల పట్టిక తెరిచి చూపించాను. ఆమెకు వచ్చు అనే సంగతి అంతవరకు ఆమెకే తెలియదు. ఏ మిడ్ పరీక్షా దానిని నాకు చెప్పి ఉండేది కాదు.

నవంబర్ 20

ఇంటి దగ్గర చేసి తెమ్మని ఇచ్చిన అసైన్‌మెంట్లలో ఒకేలాంటి ప్రోగ్రామ్‌లు పెరిగాయి. అమెరికాలోని బర్క్‌లీలో అలెక్స్ ఐకెన్ 1994లో తయారుచేసిన మాస్, జర్మనీలోని కార్ల్స్‌రూహెలో పుట్టిన జేప్లాగ్ వంటి సాధనాలు, వేరియబుల్ పేర్లు మార్చినా ఒకే నిర్మాణం ఉన్న కోడ్‌లను పట్టుకుంటాయి. జేప్లాగ్‌ను నా సిస్టమ్‌లోనే నడిపి చూశాను. పది పంక్తుల ప్రోగ్రామ్‌కు అది చెప్పే పోలికకు పెద్ద అర్థం లేదు. ఫాక్టోరియల్‌ను అందరూ ఒకేలా రాస్తారు. పెద్ద ప్రోగ్రామ్‌లలో పోలిక కనిపించినప్పుడు కూడా దానిని నేరంగా తీసుకోకుండా, ఇద్దరినీ విడివిడిగా పిలిచి అయిదు నిమిషాలు వైవా చేస్తున్నాను. ఒక జంటలో ఇద్దరూ ప్రతి పంక్తినీ వివరించారు. హాస్టల్‌లో కలిసి కూర్చుని రాశామన్నారు. అది చదువే కదా.

కృత్రిమ మేధ రాసిచ్చిన కోడ్ సంగతి వేరు. చాట్‌జీపీటీ 2022 నవంబర్‌లో విడుదలైంది. మొదటి సంవత్సరం అసైన్‌మెంట్లు ఇప్పుడు దానికి క్షణాల పని. దానిని పట్టుకునే సాధనాల మీద ఆధారపడి ఒక విద్యార్థిని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. ప్రశ్ననే మార్చాను. ఇంటి అసైన్‌మెంట్ సాధన కోసమే. కొలత ల్యాబ్‌లో నా ఎదుట జరుగుతుంది, ఆ సిస్టమ్‌లకు ఆ సమయంలో మా సర్వర్ తప్ప మరేదీ అందదు. అక్కడ కొత్త ప్రోగ్రామ్ రాయించడంతోపాటు, ఇచ్చిన ప్రోగ్రామ్‌లో లోపం వెతకడం, అవుట్‌పుట్ ముందే ఊహించడం, చెదిరిన పంక్తులను వరుసలో పేర్చడం కూడా పెడుతున్నాను. ఈ చివరి రకాన్ని డేల్ పార్సన్స్, పాట్రీషియా హేడన్ 2006లో ప్రతిపాదించారు. సింటాక్స్, అంటే భాష రాత నియమాల దగ్గరే చిక్కుకుపోయే విద్యార్థికి తర్కం వచ్చో రాదో ఇందులో విడిగా కనిపిస్తుంది. సెమికోలన్లు మరిచిపోతూ ప్రతి వారం సున్నా దగ్గర నిలిచిపోయిన ఇద్దరు అబ్బాయిలు, అంకెలను వరుసక్రమంలో పెట్టే బబుల్ సార్ట్ పంక్తులను తడుముకోకుండా పేర్చారు. వారికి నేను ఇంతకాలం అల్గారిథమ్‌లను మళ్లీ మళ్లీ చెబుతూ వచ్చాను; వారికి కావలసింది కంపైలర్ ఇచ్చే ఎర్రర్ సందేశాన్ని చదవడం.

డిసెంబర్ 4

సహాధ్యాపకులకు ఈ పనిని చూపించాను. సమయం ఎంత పడుతుందని అందరూ అడిగారు. ఉన్నమాట చెప్పాను: పేపర్లు దిద్దే సమయం తగ్గింది, ప్రశ్నలు రాసే సమయం అంతకు మించి పెరిగింది. ఒక మంచి ప్రశ్నకు టెస్ట్ కేసులు, తప్పు ప్రోగ్రామ్‌లతో పరీక్ష, రెండు భాషల వాక్యాలు కలిపి ఒక సాయంత్రం పడుతుంది. వచ్చే ఏడాది అదే ప్రశ్న సిద్ధంగా ఉంటుంది. నలుగురం పంచుకుంటే ఇంకా తేలిక.

విద్యార్థుల సమాచారం గురించి కూడా కొన్ని నియమాలు రాసుకున్నాము. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారు, ఎన్నిసార్లు ప్రయత్నించారు అన్నవన్నీ సర్వర్‌లో నమోదవుతాయి. వాటిని క్రమశిక్షణ చర్యలకు వాడకూడదు, ఎవరి మార్కులూ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదు, తప్పు జవాబులను తరగతిలో చూపేటప్పుడు పేర్లు ఉండకూడదు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. అది రాకముందైనా ఇవి పాటించవలసినవే. తన తప్పు తనకు ఎదురుతిరగదని విద్యార్థి నమ్మకపోతే ఈ పద్ధతి మొత్తం కూలిపోతుంది.

డిసెంబర్ 16

సెమిస్టర్ చివరి వారపు పరీక్ష. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో చూపించిన ఒక సంగతి నా మనసులో ఉంది: పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు అయిదు నిమిషాల తరువాతి పరీక్షలో ముందుంటారు, పుస్తకం మూసి గుర్తుతెచ్చుకునే పరీక్ష రాసినవారు వారం తరువాతి పరీక్షలో ముందుంటారు. అందుకని మూడు నెలల కిందటి భావనను ముందుగా చెప్పకుండా మళ్లీ అడిగాను. ఈసారి ఉష్ణోగ్రత లేదు. 600కు వచ్చిన మార్కులు ఇస్తే శాతం చెప్పాలి. 430ని 600తో భాగించి 100తో గుణించమని సిలో మామూలుగా రాస్తే జవాబు 0 వస్తుంది, రావలసినది 71.67. టెస్ట్ కేసుల్లో 600ను ఒక్కదాన్నే పెట్టి ఉంటే తప్పు ప్రోగ్రామ్ కూడా 100 చూపించి తప్పించుకునేది. ఈసారి 430, 599 కూడా పెట్టాను.

చాలామంది దాటారు. సెప్టెంబర్‌లో సరిగ్గా రాసి ఇప్పుడు తప్పినవారు కూడా ఉన్నారు. వారి పేర్లు విడిగా రాసుకున్నాను. రేపు మధ్యాహ్నం ల్యాబ్ ఖాళీగా ఉంటుంది, వారితో కూర్చుంటాను. పరీక్ష మధ్యలో, పాస్‌వర్డ్ ప్రశ్న దగ్గర ఆగిపోయిన ఆ అబ్బాయి చేయెత్తాడు. సందేహమేమో అనుకుని దగ్గరికి వెళ్లాను.

‘ఇది కూడా ఫారన్‌హీటేనండి మేడమ్,’ అన్నాడు తెర వైపు చూపిస్తూ. 100 పక్కన అతడు అప్పటికే ఒక చుక్క, ఒక సున్నా చేర్చి, దానిని భాగహారానికి ముందుకు తెచ్చాడు.